మాట ముందు, పరీక్ష తరువాత

వంశధార సముద్రంలో కలిసే ఈ కళింగపట్నం తీరంలో మగవారు నలుగురు కూడినచోట మాట్లాడుకోని విషయమంటూ సాధారణంగా ఉండదు. వేట సంగతి, వరి ధర, ఎన్నికలు, పిల్లల చదువులు, అన్నీ చర్చకు వస్తాయి. కాని ఒక్క విషయం దగ్గర అందరి నోళ్లూ మూతపడతాయి. రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేవవలసి వస్తున్నదని గాని, ధార సన్నబడిందని గాని, 50 ఏళ్లు దాటిన ఏ పురుషుడూ అరుగు మీద కూర్చుని చెప్పడు. భార్యకు తెలుసు, కాని ఆమె పైకి అనదు. కొడుక్కి తెలియదు, తెలిసినా అడగడు. ఈ మౌనం మర్యాదగా చలామణి అవుతున్నది. అది ప్రాణాల మీదికి తెచ్చే మర్యాద అని మనవి చేయడానికే ఈ వ్యాసం.

ముందుగా విషయం తెలుసుకుందాం. మన శాస్త్ర గ్రంథాలలో పౌరుష గ్రంథి అనే పేరు గల ప్రోస్టేటు మూత్రాశయానికి దిగువన, మూత్రనాళం చుట్టూ ఉంగరంవలె అమరి ఉండే చిన్న అవయవం. యౌవనంలో దాని పరిమాణం పెద్ద ఉసిరికాయంత, బరువు సుమారు 20 గ్రాములు. వీర్యంలోని ద్రవంలో కొంత భాగాన్ని తయారు చేయడం దాని పని. వయసు పైబడిన కొద్దీ ఈ గ్రంథి పెరుగుతుంది. ఉంగరం బిగిసిన కొద్దీ లోపలి గొట్టం ఇరుకవుతుంది. అప్పుడు ధార సన్నబడుతుంది, ఆగి ఆగి వస్తుంది, రాత్రిళ్లు పదేపదే లేవవలసి వస్తుంది. 60 ఏళ్లు దాటిన మగవారిలో సగం మందికైనా ఈ పెరుగుదల ఉంటుంది. ఇది క్యాన్సరు కాదు, క్యాన్సరుగా మారదు కూడా. మందులతోనో చిన్న శస్త్రచికిత్సతోనో నయమయ్యే బాధ ఇది.

క్యాన్సరు వేరు. అది తరచుగా గ్రంథి వెలుపలి అంచున మొదలవుతుంది. అక్కడ పెరిగే కణితి చాలాకాలం మూత్రనాళాన్ని నొక్కదు. అందుచేత తొలిదశలో ఏ బాధా తెలియదు. తెలిసేనాటికి కొందరిలో అది ఎముకలకు పాకి ఉంటుంది. నడుములోను, తుంటిలోను, రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పిగా బయటపడుతుంది. మన వైపు జీవితమంతా వల లాగినవారికి, నాగలి పట్టినవారికి నడుంనొప్పి కొత్త కాదు. కాబట్టి దానిని వయసు కింద జమకట్టి, ఊళ్లో ఆర్.ఎం.పి. వైద్యుని చేత సూది వేయించుకుని నెలలు గడుపుతారు. ఆ నెలలే విలువైనవి.

ఇది అరుదైన జబ్బేమీ కాదు. 2022 సంవత్సరపు లెక్కల ప్రకారం ప్రపంచంలో ఏటా 14 లక్షలకు పైగా పురుషులకు ఇది కొత్తగా సోకుతున్నది. దాదాపు 4 లక్షల మంది దీనితో మరణిస్తున్నారు. లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన సంఘం 2024లో వెలువరించిన నివేదిక, 2040 నాటికి ఈ కొత్త రోగుల సంఖ్య 29 లక్షలకు చేరుతుందనీ, ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం మనవంటి దేశాలదేననీ హెచ్చరించింది. కారణం వింత కాదు. మనుషులు ఎక్కువకాలం బ్రతుకుతున్నారు. ఇది వయసుతో వచ్చే జబ్బు.

మన జిల్లాలో దీనికి మరొక చిక్కు తోడైంది. మూత్ర సంబంధమైన బాధ అనగానే శ్రీకాకుళం జిల్లావాసికి మొదట ఉద్దానం గుర్తుకు వస్తుంది. కవిటి, సోంపేట, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతాలలో మూత్రపిండాల జబ్బు ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో అందరికీ తెలిసినదే. ఎన్నో ఏళ్ల ఆందోళన తరువాత 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వెలసింది. ఆ శ్రద్ధ అవసరమైనదే. కాని ఆ భయం నీడలో రెండు పొరపాట్లు జరిగే వీలున్నది. ప్రోస్టేటు బాధపడే పెద్దాయన, తనకూ కిడ్నీ జబ్బే వచ్చిందనుకుని, పరీక్షకు వెళితే డయాలిసిస్ అంటారేమోనని అసలే వెళ్లకపోవచ్చు. లేదా రక్తంలో క్రియాటినిన్ పెరిగిందనగానే చుట్టూ ఉన్నవారు, ఇది మన ప్రాంతపు జబ్బే అని తేల్చివేయవచ్చు. ప్రోస్టేటు అడ్డుపడి మూత్రం పూర్తిగా వెలికి రాకపోతే, వెనుకకు ఒత్తిడి పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఆ అడ్డు తొలగిస్తే అవి కోలుకోవచ్చు. కడుపుకు చేసే స్కానింగుతో తెలిసిపోయే ఈ తేడాను కనిపెట్టాలంటే, రోగి ముందుగా నోరు విప్పాలి.

నోరు ఎందుకు విప్పడు? సిగ్గు ఒక కారణం. కాని సిగ్గు అని ఊరుకుంటే మనం అతని బాధను అర్థం చేసుకోనట్లే. మూత్రం చుక్కలుగా జారుతున్న ముసలాయన పరిస్థితి ఊహించండి. బట్టలు పరిశుభ్రంగా ఉన్నాయో లేవోనన్న శంకతో అతడు మసీదుకు వెళ్లడం తగ్గిస్తాడు. వుజూ నిలుస్తుందో లేదోనని ఇంటిలోనే నమాజు చేసుకుంటాడు. అతని పొరుగింటి హిందూ వృద్ధుడు అదే కారణంతో అరసవిల్లికి, శ్రీకూర్మానికి బస్సు ఎక్కడం మానుకుంటాడు. దారిలో ఎక్కడ దిగాలో తెలియదు గనుక పెండ్లిండ్లకు వెళ్లడు. భక్తి తగ్గిందనో, చాదస్తం పెరిగిందనో ఇంటివారు అనుకుంటారు. ఇటువంటి బాధ గల మనిషి ప్రతి నమాజు వేళకూ కొత్తగా వుజూ చేసుకుంటే చాలునని ధర్మశాస్త్ర పండితులు ఏనాడో వెసులుబాటు చూపారు. శాస్త్రమే ఈ బాధను గుర్తించి మాట్లాడినప్పుడు, మనం దానిని నోటికి రాని మాటగా చేసుకోవడం ఏ మర్యాద?

రెండవ కారణం వ్యవస్థలో ఉన్నది. మన గ్రామాలలో గడపగడపకు వచ్చే ఆరోగ్య సిబ్బంది, ఆశా కార్యకర్తలైనా, ఏ.ఎన్.ఎం.లైనా, స్త్రీలు. గర్భవతుల కోసం, పసిపిల్లల కోసం ఏర్పడిన ఆ ఏర్పాటు ఎంతో మేలు చేసింది. కాని 65 ఏళ్ల పురుషుడు తన మూత్రబాధను కూతురి వయసున్న ఆశా కార్యకర్తకు చెప్పుకోగలడా? దేశంలో 2016 నుండి అమలులో ఉన్న క్యాన్సరు పరీక్షల పథకంలో ఉన్నవి మూడే: నోటి క్యాన్సరు, రొమ్ము క్యాన్సరు, గర్భాశయ ముఖద్వార క్యాన్సరు. పౌరుష గ్రంథికి అందులో చోటు లేదు. ఇక వీరావల్ వంటి దూరపు రేవులకు వేటకు వెళ్లి సంవత్సరంలో ఎక్కువ నెలలు అక్కడే గడిపే మన మత్స్యకారులను అడిగేవారు ఇక్కడా లేరు, అక్కడా లేరు.

అట్లయితే, ఊరూరా శిబిరాలు పెట్టి, 50 దాటిన ప్రతి పురుషుని రక్తం తీసి పి.ఎస్.ఎ. పరీక్ష చేయించాలి అని చాలామంది అంటారు. సదుద్దేశంతో అనే మాటే. అయినా నేను దానితో ఏకీభవించలేను. కారణాలు చెప్పవలసి ఉన్నది.

పి.ఎస్.ఎ. అనేది ప్రోస్టేటు కణాలు తయారుచేసే ఒక ప్రోటీను. రక్తంలో అది ఎంత ఉన్నదో కొలవడమే ఈ పరీక్ష. చాలాకాలంగా మిల్లీలీటరుకు 4 నానోగ్రాములను హద్దుగా వాడుతూ వచ్చారు. ఐతే ఆ హద్దు దాటడానికి క్యాన్సరు ఒక్కటే కారణం కాదు. వయసుతో వచ్చే సాధారణ పెరుగుదల వల్ల, మూత్రంలో చీము వల్ల కూడ అది పెరుగుతుంది. పి.ఎస్.ఎ. పెరిగిన ప్రతి నలుగురిలోను దాదాపు ముగ్గురికి క్యాన్సరు ఉండదు. మరొకవైపు, ప్రోస్టేటు పెరుగుదలకు వాడే ఫినాస్టెరైడ్ అనే మందు ఈ అంకెను సగానికి తగ్గించి చూపుతుంది. అంకె ఒకటే, అర్థాలు అనేకం. ఈ ప్రోటీనును 1970లో గుర్తించిన శాస్త్రజ్ఞులలో ఒకడైన రిచర్డ్ ఆబ్లిన్, దానిని మూకుమ్మడి పరీక్షగా వాడడాన్ని తీవ్రంగా విమర్శిస్తూ 2010లో పత్రికలో వ్యాసం రాశాడంటే విషయం ఎంత జటిలమైనదో గ్రహించవచ్చు.

అట్లని ఆ పరీక్ష వ్యర్థమనరాదు. ఐరోపా దేశాలలో లక్షా 60 వేలకు పైగా పురుషుల మీద జరిగిన గొప్ప పరిశోధన ఫలితాలు 23 ఏళ్ల పరిశీలన తరువాత 2025లో వెలువడ్డాయి. పరీక్షకు పిలిచిన వర్గంలో ప్రోస్టేటు క్యాన్సరు మరణాలు 13 శాతం తగ్గాయి. 456 మందిని పరీక్షకు పిలిస్తే ఒక్క మరణం తప్పినట్లు తేలింది. లాభం ఉన్నది, కాని చిన్నది, అందడానికి చాలాకాలం పడుతుంది. నష్టం మాటేమిటి? కొన్ని ప్రోస్టేటు క్యాన్సర్లు ఎంత నెమ్మదైనవంటే, వాటిని కనిపెట్టకపోయినా ఆ మనిషి నిండు నూరేళ్లు జీవించి మరొక కారణంతో కాలం చేస్తాడు. అటువంటివాటికి కత్తి పెడితే, మూత్రం నిలవకపోవడం, దాంపత్య శక్తి తగ్గడం వంటి కష్టాలు మిగులుతాయి. బ్రిటనులో 1643 మందిని మూడు భాగాలు చేసి, కొందరికి శస్త్రచికిత్స, కొందరికి రేడియేషన్ చేసి, తక్కిన వారిని కేవలం కనిపెట్టి చూస్తూ వచ్చారు. 2023లో ప్రకటించిన ఫలితం ప్రకారం, 15 ఏళ్లలో ఈ జబ్బుతో మరణించినవారు మొత్తం 45 మంది మాత్రమే. మూడు భాగాలలోను మరణాల నిష్పత్తిలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఇప్పుడు శిబిరం సంగతి చూడండి. మనకు శిబిరం అంటే కంటి శిబిరమే ఆదర్శం. శుక్లం ఉన్నదా లేదా చూడగానే తెలుస్తుంది, తీసివేస్తే చూపు వస్తుంది. పి.ఎస్.ఎ. శిబిరం అటువంటిది కాదు. రక్తం తీసిన వాలంటీరు సాయంత్రానికి బస్సెక్కి వెళ్లిపోతాడు. మూడు రోజుల తరువాత 6 అనో 9 అనో అంకె వేసిన కాగితం వస్తుంది. దాని అర్థం చెప్పేవారు ఉండరు. ఒకడు ఆ కాగితాన్ని పెట్టెలో దాచి, లోలోపల కుమిలిపోతాడు. మరొకడు భార్య పుస్తెలతాడు తాకట్టు పెట్టి పట్నానికి పరుగెత్తుతాడు. ఎం.ఆర్.ఐ. చేయించి, అవసరమైతేనే బయాప్సీకి వెళ్లే ఈనాటి పద్ధతి అతనికి ఎవరూ చెప్పరు. అర్థం చెప్పని అంకెను పేదవాని చేతిలో పెట్టడం సేవ అనిపించుకోదు. అమెరికాలో ప్రభుత్వ సలహా సంఘం 2012లో ఈ పరీక్షను ఎవరికీ సిఫారసు చేయవద్దని చెప్పి, 2018లో మాట మార్చి, 55 నుండి 69 ఏళ్ల మధ్యవారు వైద్యునితో లాభనష్టాలు మాట్లాడుకుని తామే నిర్ణయించుకోవాలని చెప్పింది. మాట ముందు, పరీక్ష తరువాత అన్న క్రమం అందులోనే ఉన్నది.

చదువురాని పల్లెవానికి ఇంత వివరమా, అని పెదవి విరిచేవారున్నారు. గాలి వాలు చూసి, అలల పోకడ చూసి, ఈ తెల్లవారుజామున తెప్ప వేయాలో వద్దో తేల్చుకోగల జాలరికి లాభనష్టాలు తూచడం ఒకరు నేర్పనక్కరలేదు. చెప్పేవారు అతని భాషలో, తొందరపెట్టకుండా చెప్పాలి. అంతే కావలసినది.

మరి ఎవరు ఏమి చేయాలి? బాధ ఉన్నవారి విషయంలో చర్చకు తావు లేదు. మూత్రంలో రక్తం కనిపించినా, ధార సన్నబడినా, తగ్గని నడుంనొప్పి రాత్రిళ్లు వేధించినా, వెంటనే వైద్యుని చూడాలి. మూత్రం పూర్తిగా బందయినా, ఎముక నొప్పితోపాటు కాళ్లు బలహీనపడినా, ఆ రోజే ఆసుపత్రికి చేరాలి. వెన్నుపాము నలిగిపోయిన తరువాత కాళ్లు తిరిగి రావడం కష్టం. ఏ బాధా లేని 50 దాటినవారు వైద్యునితో మాట్లాడి పరీక్ష కావాలో వద్దో నిర్ణయించుకోవాలి. తండ్రికో అన్నదమ్ములకో ఈ జబ్బు వచ్చి ఉంటే ప్రమాదం సుమారు రెండింతలు. అటువంటివారు 45 ఏళ్లకే ఆ సంభాషణ మొదలుపెట్టాలి. తల్లి వైపు స్త్రీలలో రొమ్ము క్యాన్సరు, అండాశయ క్యాన్సరు ఎక్కువగా ఉంటే ఆ సంగతీ వైద్యునికి చెప్పాలి. ఒకే జన్యులోపం ఈ జబ్బులన్నింటికీ కారణం కావచ్చు.

జబ్బు ఉన్నదని తేలినా అంతా అయిపోయిందని కాదు. గ్రంథికే పరిమితమైనది శస్త్రచికిత్సతోనో రేడియేషనుతోనో నయమవుతుంది. నెమ్మదైనదానిని క్రమం తప్పకుండా పరీక్షిస్తూ కనిపెట్టి ఉండవచ్చు. ఎముకలకు పాకినదాన్ని కూడ అదుపులో పెట్టే మార్గం 1941లోనే తెలిసింది. ఈ క్యాన్సరు పురుష హార్మోను మీద ఆధారపడి పెరుగుతుందనీ, వృషణాలను తొలగిస్తే అది అణగుతుందనీ ఛార్లెస్ హగ్గిన్స్ అనే శస్త్రవైద్యుడు ఆనాడు నిరూపించాడు. అందుకు 1966లో నోబెల్ బహుమతి పొందాడు. ఆ పనినే ఈనాడు సూదిమందులతోను చేయవచ్చు. ఐనా ఒక్కసారితో ముగిసే ఆ చిన్న శస్త్రచికిత్స, నెలనెలా సూదికి డబ్బు పెట్టుకోలేని పేదవానికి ఇప్పటికీ మంచి దారే. మగతనం పోతుందన్న భయంతో దానిని కాదని ప్రాణం పోగొట్టుకోవడం తగదు.

వైద్యం అందుబాటులో లేదనడానికీ వీలు లేదు. కళింగపట్నానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో రిమ్స్ అని జనం పిలిచే శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నది. విశాఖపట్నంలో 1923 నుండి సేవ చేస్తున్న కింగ్ జార్జి ఆసుపత్రి ఉన్నది. అగనంపూడిలో టాటా స్మారక కేంద్రం వారి హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి ఉన్నది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్.టి.ఆర్. వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకం కింద అర్హులైన పేదలకు క్యాన్సరు చికిత్స ఉచితంగా లభిస్తున్నది. కొరత మాట దగ్గరే ఉన్నది.

మాటకూ మౌనానికీ ఉన్న అంతరాన్ని చరిత్ర రెండు ఉదాహరణలతో చూపింది. ఫ్రాన్సు అధ్యక్షుడు ఫ్రాన్స్వా మిత్తెరాఁకు 1981లో, పదవికి వచ్చిన ఏడాదే, ప్రోస్టేటు క్యాన్సరు బయటపడింది. 1992 వరకు ఆ సంగతి ప్రజల నుండి దాచిపెట్టారు, ఆరోగ్యంగా ఉన్నారని ప్రకటనలు ఇస్తూ వచ్చారు. ఆయనకు వైద్యం అందింది గాని, ఆయన మౌనం వల్ల దేశంలోని సామాన్యులెవరికీ మేలు కలగలేదు. నెల్సన్ మండేలాకు 83వ ఏట, 2001లో, అదే జబ్బు వచ్చింది. ఆ సంగతి ప్రపంచానికి తెలియజేసి, రేడియేషన్ చికిత్స పొంది, 2013 వరకు, 95 ఏళ్ల వయసు దాకా జీవించాడు. మన తెలుగునాట 2013 అక్టోబరులో అక్కినేని నాగేశ్వరరావుగారు పత్రికలవారిని పిలిచి, తనకు క్యాన్సరు వచ్చిందని స్వయంగా ప్రకటించారు. ఆయనది ప్రోస్టేటు జబ్బు కాదు. కాని 90వ పడిలో అంతటి ప్రసిద్ధుడు ఆ మాట నోటితో చెప్పడం వల్ల, ఆ పేరే ఉచ్చరించని ఇళ్లలో ఆ పేరు వినబడింది.

కళాశాల కార్యవర్గం వారికి ఒక విన్నపం. సంవత్సరానికి ఒకరోజు విద్యార్థుల తండ్రులను, తాతలను, మేనమామలను ఆహ్వానించి, మూత్రకోశ వ్యాధుల నిపుణుని చేత తెలుగులోను ఉర్దూలోను మాట్లాడించండి. ఆ సభ మగవారికి మాత్రమే పరిమితమైతే వారు నిస్సంకోచంగా ప్రశ్నలు అడుగుతారు. ఆ రోజు రక్తం తీయనక్కరలేదు. ఎక్కడికి, ఏ రోజున, ఏ కార్డుతో వెళ్లాలో రాసిన కాగితం ఒకటి చేతికిస్తే చాలు. మన జాతీయ సేవా పథకం విద్యార్థులు గ్రామాలకు వెళ్లినప్పుడు రక్తపోటు, చక్కెర చూడడంతోపాటు, మగపిల్లలు ఊళ్లోని పెద్ద మగవారిని కలిసి ఈ విషయం మాట్లాడాలి. మసీదు పెద్దలు, గుడి పెద్దలు, మత్స్యకార సంఘాల పెద్దలు తోడైతే ఆ మాటకు బరువు వస్తుంది.

విద్యార్థి మిత్రులారా, మీరు చేయవలసినది ఇంకా తేలిక, ఇంకా కష్టం. ఈ సెలవులలో ఇంటికి వెళ్లినప్పుడు, అందరూ పడుకున్న తరువాత తండ్రి పక్కన కూర్చోండి. "నాన్నా" అనో "అబ్బా" అనో పిలిచి, "రాత్రిళ్లు ఎన్నిసార్లు లేస్తున్నారు? ధార సరిగా వస్తున్నదా? మన వంశంలో ఎవరికైనా ఈ జబ్బు ఉన్నదా?" అని మూడు ప్రశ్నలు అడగండి. ఆయన కసురుకోవచ్చు, మాట మార్చవచ్చు. మరునాడు మళ్లీ అడగండి. ఆసుపత్రికి బయలుదేరే రోజున ఒంటరిగా పంపక, వెంట వెళ్లండి.